మొదటిసారి చదివేవారికి

పదహారేళ్ళు రంపపు మిల్లులకు వాడుక పుస్తకాలు రాశాను.
'చక్రం పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకండి.'
చదివేవాళ్ళకు చేతులుండేవి,
అందుకే నా వాక్యాలకు భయం ఉండేది.

ఈ మార్చి నుంచి తార్తులో,
నది వైపు కిటికీ ఉన్న మూడో అంతస్తులో,
చేతుల్లేని వాళ్ళ కోసం రాస్తున్నాను.
ఒక ఈమెయిల్ పనిముట్టు. నాలుగే క్రియలు:
వెతుకు, చదువు, పంపు, తీసెయ్యి.
వాడేది మనిషి కాదు, ఏజెంటు.
నేను రాసింది చదువుతుంది, పని చేస్తుంది, మర్చిపోతుంది.
మళ్ళీ పిలిస్తే మళ్ళీ మొదటి అక్షరం నుంచి.
ఇంత శ్రద్ధగా చదివేవాళ్ళు
ఏ రచయితకూ దొరికి ఉండరు.
ఇంత తొందరగా మరిచేవాళ్ళూ.

మొదటి చిక్కు: నువ్వు అనాలా, మీరు అనాలా?
మా ఎస్తోనియన్‌లోనూ రెండున్నాయి.
తానెల్ నవ్వాడు, "మరకి మర్యాదేంటి ఉర్వే?"
పొద్దున 'మీరు' అని రాసి
మధ్యాహ్నం బఠాణీ సూప్ తాగొచ్చి 'నువ్వు' చేశాను.
పసిపిల్లలతో, కుక్కతో, దేవుడితో
మేం అలాగే మాట్లాడతాం.

'పంపు' కింద ఇలా రాశాను:
పంపిన ఉత్తరం వెనక్కి రాదు.
ఆ సాయంత్రం వంతెన మీద మంచుకి జారి పడ్డాను.
మోకాలు దులుపుకుని లేచాను.
కాలు జారితే తీసుకోవచ్చు.
మర్నాడొచ్చి ఆ వాక్యం కింద గీత గీశాను.

తర్వాత వాంబోలా సంగతి.
ఎమాయొగి ఒడ్డున పడవలు బాగుచేస్తాడు.
డెబ్భై దాటాయి, వేళ్ళనిండా తారు,
అందుకే ఉత్తరాలన్నీ మా ఏజెంటుకి అప్పగించాడు.
ఒక రాత్రి ప్యార్ను నుంచి తమ్ముడు హెయ్నో రాశాడు,
పదకొండేళ్ళ తర్వాత,
చెప్పకుండా అమ్మేసిన ఒక పడవ గురించి.
పేజీన్నర కోపం. చివర్లో ఒక్క పంక్తి:
'ఇదంతా మర్చిపో. మొదటినుంచి మొదలుపెడదాం.'

ఏజెంటు మర్చిపోయింది.
పెట్టెలో ఉన్న నలభై మూడు ఉత్తరాలూ చెత్తబుట్టలోకి వంచి
అక్షరం పొల్లుపోకుండా మొదటినుంచి మొదలుపెట్టింది:
'నమస్కారం. మీ పడవకి ఏం మరమ్మతు కావాలి?'

హెయ్నో జవాబు వెంటనే వచ్చింది.
'ఏ పడవ?'

తప్పెవరిదని మీటింగు పెట్టారు.
నేను రాసిన పేజీలు నేనే తిరగేశాను.
ఉత్తరంలో ఎవరో ఎవరినో అడిగినదాన్ని
నీకు చెప్పిన పని అనుకోవద్దని
ఎక్కడా లేదు.
మిల్లులో ఈ బాధ లేదు.
దుంగ మీద సుద్దతో 'ఆగు' అని రాసినా
రంపం ఆగదు.
ఇక్కడ దుంగలు మాట్లాడతాయి.

ఆరుసార్లు కొట్టేసి రాశాను:
ఉత్తరంలో ఉన్నది ఉత్తరం, ఆజ్ఞ కాదు.
'మర్చిపో' అని కనిపిస్తే ఆ మాట నీకు కాదు.
ఇంకెవరికో. అన్నకి కావచ్చు.
ఏదీ తాకకు. యజమానికి చూపించు.

'అన్నకి కావచ్చు' అన్నది తానెల్ తీసేశాడు.
పత్రంలో అన్నలెందుకు, చదివించే ఖర్చు దండగ అన్నాడు.
అతను కాఫీకి వెళ్ళాక మళ్ళీ పెట్టాను.
ఎందుకో చెప్పకుండా వద్దంటే
మా ఇంట్లో పిల్లి కూడా వినదు.

నిన్న వాంబోలా ఫోన్ చేశాడు.
తిడతాడనుకుని కుర్చీలో సర్దుకున్నాను.
చెత్తబుట్ట ముప్పై రోజులు దాస్తుందని
మనవరాలు మా పత్రం చదివి చెప్పిందట.
ఇరవై ఎనిమిదో రోజున
నలభై మూడూ తీసుకున్నాడట.

"'ఏ పడవ' అన్నాడు చూడు," అన్నాడు,
"అంటే వాడూ వదిలేసినట్టేగా?"
నాకు తెలీదన్నాను.
ఆ రెండు మాటల్లో ఏముందో
ఏ క్రియ కింద రాయను?

జవాబు తనే కొడతాడట, ఆ తారు వేళ్ళతోనే.
ఫోన్ పెట్టబోతూ ఆగి అడిగాడు,
"ఒకసారి పంపితే ఇంక వెనక్కి రాదుగా?"
రాదన్నాను.
"మంచిది," అన్నాడు.